ఇసుక ఎక్కిన మన హోవర్‌క్రాఫ్ట్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చిక్కడపల్లి ఇంట్లో అమ్మ నీ ఫొటోకు దండ వేసే వేళకు నేను సముద్రం ఒడ్డున ఉన్నాను. ముషీరాబాద్ షెడ్డులో మనిద్దరం తయారుచేసిన హోవర్‌క్రాఫ్ట్‌కు ఇవాళే చివరి పరీక్ష.

"తుఫాన్ తర్వాత, రేవు లేని ఊరికి బియ్యం ఎట్ల చేరాలె?" అని నువ్వడిగిన రోజున మొదలైన పని కదా ఇది!

బియ్యం బస్తాలతో అలల మీద దూసుకొచ్చింది. ఒడ్డెక్కుతుంటే, అడుగున గాలిని పట్టి ఉంచే రబ్బరు అంచు రాయి తగిలి చిరిగింది. పరీక్ష చూడటానికొచ్చిన అధికారి ఆపమన్నాడు.

"ఆపొద్దు సార్, జర చూడుండ్రి," అన్నాను.

ఆ అంచును విడివిడి ముక్కలుగా కుట్టాలని అప్పట్లో షెడ్డులో నేను పట్టుబట్టాను. బరువు పెరుగుతుందని నువ్వు నాతో ఎంత కొట్లాడావో! చిరిగిన ముక్క ఒక్కటే వేలాడింది. మిగతావి గాలిని వదల్లేదు. బస్తాలన్నీ పొడి ఇసుక మీద దిగాయి.

అమ్మకు ఫోన్ చేసి, ఆ ముక్కల అంచే గట్టెక్కించిందని చెప్పాను.

"మీ అన్న ఉంటే ఏమంటుండెనే?"

"ఓడిపోయిన్నని మాత్రం అనకపోతుండె. ఇంకా పెద్దది చేద్దాం పా అంటుండె."

అమ్మ నవ్వింది.

రేపటి నుంచి పెద్దది గీస్తాను, అన్నా. అదీ ఒడ్డెక్కుతుంది. ఈసారి నీ వంతు కొట్లాట కూడా నేనే కొట్లాడాలి.

నీ చెల్లెలు