నలుగురి సామానులో ఒక కంప్యూటరు

కథలాపూర్,
12 జూన్ 2008.

పూజ్యులైన బాపు సముఖమునకు, నవనీత సమర్పించు నివేదిక.

తమరు మస్కట్ నుంచి ఇంటికి వచ్చే మనుషుల సామానులో విడివిడిగా పంపిన కంప్యూటరు పూర్తిగా చేరినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. మానిటరు దావీదు గారి దుప్పట్ల మధ్య, కీబోర్డు అంజయ్య ఖర్జూరాల కింద, మౌసు, కెమెరా, తీగలు నర్సన్న బూట్లలో వచ్చినవి. చివరిదైన సీపీయూ డబ్బాను నిన్న బుచ్చన్న కాక తెచ్చాడు. ఒక ప్రయాణికునికి అనుమతించిన బరువులో కంప్యూటరు ఇమడదని విమానాల వారు తీర్మానించగా, నలుగురికి పంచితే ఇముడునని తమరు కనుగొన్నారు.

ఈ సందర్భమున జరిగిన పొరపాటొకటి తమ దృష్టికి తేవలసి ఉన్నది. తాడు కట్టిన ఆ డబ్బా మీద తమరు తమ పేరు "ఎల్లేశం, కథలాపూర్" అని అరచేయంత అక్షరాలతో రాశారు. మన వాడలో సామాను ముందు వచ్చి, దాని యజమాని నాలుగు రోజుల తరువాత పెట్టెలో రావడం ఇదివరకు రెండుసార్లు జరిగి ఉన్నందున, డబ్బా ఆటో దిగిన మరుక్షణమే పక్కింటి నర్సక్క గుండెలు బాదుకున్నది. "ఓ ఎల్లేశం తమ్మీ, గిట్ల అచ్చినవా!" తమ భార్య, అనగా మా అవ్వ, బీడీల చాట విసిరేసి డబ్బా మీద పడిపోయింది. "అరె, ఆగుండ్రి! గది కంప్యూటరు! ఎల్లేశం మంచిగున్నడు, మొన్న నాతోనే అన్నం తిన్నడు!" అని బుచ్చన్న కాక ఎంత అరిచినా అరగంట దాకా ఎవరూ నమ్మలేదు. నమ్మిన తరువాత నర్సక్క కళ్లు తుడుచుకొని, "బతికున్నోడు డబ్బా మీద పేరు రాసుకునుడేంది, బుద్ధి లేదా ఆనికి?" అని తమరిని తిట్టినది. ఏడ్చిన వారందరికీ చాయ పోయించాను.

తదుపరి తమ ఆజ్ఞ ప్రకారం ఊదారంగు తీగను ఊదారంగు రంధ్రంలో, పచ్చదానిని పచ్చదానిలో, మానిటరు తీగను నీలి దానిలో బిగించి మీట నొక్కగా, యంత్రం మూడుసార్లు బీప్ మని ఊరకున్నది. నేను బి.కాం. కంప్యూటర్స్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలినే. కాని ఆ మూడేళ్లూ మా కాలేజీ వారు కంప్యూటరు గదికి తాళం తీయనందున, కోరుట్ల నుంచి రవీందర్‌ను పిలిపించవలసి వచ్చినది. సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాలు మూతపడ్డాక అతడు కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ర్యామ్ అనే పట్టీని ఊడదీసి, దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టగా, యంత్రం మేల్కొన్నది.

ఒక్క విన్నపం. నా ముఖం చూడడానికి నాకు కెమెరా పంపారు. తమ వద్ద మాత్రం కెమెరా లేదంటున్నారు. ఒకవైపే కనబడే ఈ ఏర్పాటును పునఃపరిశీలించ ప్రార్థన.

తమ బిడ్డ,
నవనీత


కథలాపూర్,
15 జూన్ 2008.

బాపూ,

నిన్న రవీందర్ మళ్లీ వచ్చాడు. "ఇండ్ల పాత ఆఫీసు చెత్తంత ఉన్నది చెల్లె, ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగ ఎక్కిస్త" అన్నాడు. ఫార్మాట్ అనగా యంత్రంలోని సమస్తాన్ని తుడిచివేయుట. ఏమి తుడుస్తున్నామో ముందు పరిశీలించుట న్యాయమని డి డ్రైవు తెరిచాను. మీ క్యాంపులో సబ్బులు పంచిన జాబితా ఉన్నది. మంచాల సంఖ్య ఉన్నది. నీ పేరుతో ఒక ఫోల్డరు ఉన్నది.

అందులోని ప్రమాద నివేదికలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. గత నవంబరు తొమ్మిదిన, పని సమయంలో, గ్రైండరు చక్రం పగిలి కార్మికుని ఎడమ కన్ను పోయినది. కంటి రక్షణ అద్దాలు స్టాకు లేనందున ఇవ్వబడలేదు. కింద సూపర్‌వైజరు సంతకం. పక్కన నీ ఫోటో.

ఆ నెలలోనే నువ్వు ఫోన్ చేసి "నీడపట్టున కూసునే పని ఇచ్చిన్రు" అన్నావు. అవ్వ వాడంతా చక్కెర పంచింది.

నీ దగ్గర కెమెరా ఎందుకు లేదో అర్థమైంది. నువ్వు నన్ను చూస్తావు, నేను నిన్ను చూడకూడదు. నా కెమెరాను గోడవైపు తిప్పాను. నీ ముఖం చూపిస్తేనే నా ముఖం కనబడుతుంది. ఆ ఫోల్డరును మాత్రం ఉంచను. అవ్వకు చదువు రాదు గాని, ఫోటోకు చదువు అక్కరలేదు. నెలాఖరున రవీందర్ వస్తాడు, అన్నీ తుడిపిస్తాను. ఈ ఉత్తరం రేపు తిరిగి మస్కట్ వస్తున్న నర్సన్నకు ఇస్తున్నాను. నువ్వు ఇంటికి రా బాపూ.

నవనీత


మస్కట్,
21 జూన్ 2008.

బిడ్డ నవనీతకు బాపు దీవించి రాయించేది.

ఫార్మాట్ కొట్టియ్యకు. ముందు గీ మాట చదువు, తర్వాత తిట్టు.

గా ఫోల్డరు ఎవ్వలు మరిచిపోయింది కాదు. గా రిపోర్టు కాయిదం అడిగితె ఆఫీసోళ్లు ఇయ్యలె. ఫోటో తీసుకుంటనంటె ఫోన్ గుంజుకున్నరు. అంతల కొత్త కంప్యూటర్లు అచ్చినయి, పాతయి పారేస్తమన్నరు. గా ఆఫీసు ఊడిచేది మన బీర్పూర్ పిలగాడు సంజీవ్. డిగ్రీ చదివిండు. "కాకా, కాయిదం పట్టుకపోనియ్యరు గని చెత్త పట్టుకపోతె ఎవ్వడు అడుగడు" అన్నడు. గందుకే గిన్ని తిప్పలువడి పంపిన. నిన్ను చూద్దామన్నది నిజమే. గని డబ్బా పంపింది, గా కాయిదం ఇల్లు చేరాల్నని. ఫోన్ల చెప్దామంటె ఎన్కాల సూపర్‌వైజరు నిలవడ్తడు. చెప్పే నోరు గూడ రాలేదు బిడ్డా.

నన్ను ఇంటికి తోలుతమన్నరు. కన్ను పని మీద పోలేదు, రూములో జారిపడితె పోయిందని ఒక కాయిదం రాసిన్రు. దాని మీద సంతకం పెడితెనే పాస్‌పోర్టు ఇస్తరట. రేపు పెడుతున్న. పెట్టినంక నా మాటకు విలువుండది. నీ దగ్గరున్నదే నా మాట. రవీందర్‌తోని సీడీల మీద రెండు కాపీలు కొట్టించు. ఒకటి బియ్యం డబ్బాల వెట్టు, ఒకటి జగిత్యాలల వకీలుకు ఇయ్యి.

మీ అవ్వకు నేను అచ్చేదాక చెప్పకు. కాదు, చెప్పు. విమానం దిగంగనే చూస్తె తట్టుకోదు. ఫోటో వద్దు, నోటితోని చెప్పు. ఎడమది పోయింది, కుడిది మంచిగున్నదని చెప్పు.

నీకు మాత్రం అబద్ధమాడను. కుడిది గూడ మసకవడ్తున్నది. ఇది రాస్తున్నది సంజీవ్. కింద సంతకం ఒక్కటే నాది. గీత మీద లేకుంటె ఏమనుకోకు.

మీ బాపు,
ఎల్లేశం