స్టాండు అడిగితే లైటు కొన్నావు

బెన్హర్ అన్నా, మంచం మీదున్న ఫ్లాష్ లైటును ఈరోజే నెల్లూరు తీసుకుపోయి షాపులో తిరిగిచ్చెయ్. అట్టపెట్టె చింపలేదు. బదులుగా కెమెరా స్టాండు తీసుకురా. పొట్టిగా, బరువుగా ఉండాలి. సన్నకాళ్లదైతే సముద్రపు గాలికి ఊగి, ఆకాశంలో చుక్కలన్నీ ఫోటోలో గీతలైపోతాయి.

నిన్న షాపాయన ముందు, "చీకట్లో లైటు లేకుండా ఏం కనపడతాదమ్మే? మేం పడవ మీద లైటేసుకోమా?" అని నవ్వావు. ఆయనా నవ్వాడు. నేను సిగ్గుతో షాపు బయటికొచ్చేశాను. లైటేస్తే దగ్గరికి రావడానికి చుక్కలేమైనా చేపలా? ఫోటో తీసేది నేను. షాపాయన్ని అడిగావు, నన్నెందుకు అడగలేదు?

ఈ రాత్రి అమావాస్య. నేను బడి నుంచి వచ్చేసరికి స్టాండు ఇంట్లో ఉండాలి.

ఫ్లోరా

నాన్న నన్నొక్కదాన్నే ఒడ్డుకు పంపడు. నువ్వు తోడు రావాల్సిందే. వచ్చినా నాతో మాట్లాడొద్దు.