ఇది నీకు చెప్పానా?

అన్నయ్యగారికి నమస్కారం.

మొన్న మీరు వచ్చినప్పుడు మీ స్నేహితుడు, అదే మావారు, పూర్వం ఎక్కడో తిరుగుబాటు వేళ మోగిందని ఒక చర్చి గంటకి రాజుగారి మనుషులు కొరడా దెబ్బలు కొట్టి, ఊరి నుంచి వెళ్లగొట్టిన సంగతి మళ్లీ చెప్పారు. "ఎన్నిసార్లు చెప్తావురా!" అని మీరు నవ్వారు. మీ తప్పేం లేదు. ఆయనకి మతిమరుపు జబ్బు వచ్చింది. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ ఆ ఒట్టు తప్పుతున్నాను.

కుట్టుమిషను తొక్కుతూ కూడా రాజుల కబుర్లు ఆపని మనిషి, ఆ రోజు నుంచి నోరు విప్పాలంటే జంకుతున్నారు. ఏ పాత పుస్తకమో చదువుతూ సంబరంగా నా వైపు తిరుగుతారు. "ఇది నీకు చెప్పానా?" అంటారు. లేదన్నా నమ్మరు. "చెప్పే ఉంటాలే" అని పుస్తకం మూసేస్తారు.

నిన్న మీ పేరెత్తితే, "ఎవరు?" అన్నారు. మళ్లీ తనే, "నేను ఏం చెప్పినా వినేవాడు ఒకడుండేవాడు. పాపం, పోయాడు" అన్నారు.

ఒక్కసారి రండి, అన్నయ్యగారూ. మీరెవరో చెప్పకండి. కొత్తవారిలా వచ్చి పక్కన కూర్చోండి. కొత్తవారికైతే ఇంతకుముందు చెప్పి ఉండనని ఆయనకి ధైర్యం వస్తుంది.

మీ చెల్లెలు