మూత లోపలి మూడు చుక్కలు

పద్నాలుగో తేదీ, బుధవారం
గడియారాల దుకాణం నుంచి

పూజ్యులైన బావగారికి,

నాలుగు నెలలుగా మీతో మాటలు మానేసిన మీ బావమరిది నమస్కరించి రాస్తున్నాడు. నేను క్షేమం. నిన్న మధ్యాహ్నం వదిలిపెట్టారు. అక్కను కళ్ళు తుడుచుకోమనండి. తన తమ్ముడు ఉగ్రవాది కాదని కాగితం మీద రాసి, ముద్ర వేసి మరీ ఇచ్చారు.

రైల్వే స్టేషన్లో పేలని బాంబు దొరికింది కదా, దానికి కట్టిన అలారం గడియారం నేను బాగుచేసిందే. బాగుచేసిన ప్రతిదానికీ వెనక మూత లోపల సూదితో మూడు చుక్కలు, పక్కన నెలా సంవత్సరమూ గీస్తానని మీకు తెలుసు. నాకు పని నేర్పిన పెద్దాయన అయిదు చుక్కలు పెట్టేవాడు. మహా ఓపిక ఆయనకి, ముక్కుమీద కోపం కూడా. సరే, ఎక్కడున్నాను? ఆ చుక్కలు ఎవరివో బజారులో ఎవరైనా చెప్తారు, చెప్పారు. నన్ను పట్టుకెళ్ళిన పోలీసు అధికారి మాత్రం అది రహస్య సంకేతం అనుకున్నాడు. మూడు చుక్కలంటే ముగ్గురా, మిగతా ఇద్దరూ ఎక్కడ దాక్కున్నారని రెండు రోజులు ఒకటే ప్రశ్న. నయం, నేను అయిదు పెట్టలేదు.

మూడో రోజు మీరు పంపిన లాయరమ్మ వచ్చింది. మూత తీయించి, అద్దంతో చదివి, ఇది ఆరేళ్ళ కిందటి రిపేరు, తరవాత ఎన్ని చేతులు మారిందో ఈయనకేం తెలుసండీ అంది. దుకాణం నుంచి నా రిపేరు చీటీల డబ్బా తెప్పించింది. ఆ గడియారం సొంతదారు ఒక టీచరమ్మ. ఇల్లు మారుతూ పాతసామాన్లవాడికి ఇచ్చేసిందట. గంటలో తేలిపోయింది. నేనూ రెండు రోజులుగా అదే మొత్తుకున్నాను. అనుమానితుడు చెబితే బుకాయింపు, నల్లకోటు చెబితే ఆధారం!

అనుమానితులకి లాయరు హక్కు తీసేసే బిల్లు మీద చట్టసభలో చర్చ మనిద్దరం టీవీలో చూశాం, గుర్తుందా? వీళ్ళకి లాయరెందుకు, పరుపూ దిండూ కూడా పంపుదామా అని నేను. అనుమానితుడు వేరు, నేరస్తుడు వేరురా తలతిక్కోడా అని మీరు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. ఆ బిల్లు ఇంకా పాసు కాలేదు. కాకపోబట్టే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

ఆదివారం వస్తాను. ఆ మిగిలిన సగం టీ బాకీ.

ఇట్లు,
మీ తలతిక్కోడు

తా.క.: లాయర్ని రానివ్వకుండా వాళ్ళే రెండు రోజులు ఆపారని అక్కతో ఫోన్లో చెప్పాను. అబద్ధం. తీసుకెళ్ళిన గంటలోనే అధికారి, లాయరు కావాలా పెద్దాయనా, అది మీ హక్కు అన్నాడు. అక్కర్లేదన్నాను. అడిగితే మీకు మొహం ఎలా చూపించను? మూడో రోజు పొద్దున భయమేసింది బావా, లాయరు కావాలన్నాను. ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగారు. నాలుగు నెలలుగా కలపని మీ నంబరు ఒక్క అంకె కూడా తడబడకుండా చెప్పేశాను.