చీటీ రాసింది నేనే

3 నవంబర్ 2025, సోమవారం

పొద్దున్నుంచి నవ్వు ఆగడంలేదు. ధర్మవరం బస్టాండు కాడ నా టీ బంకుకు దినామూ వచ్చే చంద్రమోహన్‌కు చిన్న చిచ్చు పెట్టినా. మనిషి మంచోడు. మగ్గం నేస్తాడు. పెండ్లాం పోయి నాలుగేండ్లు. ఇప్పుడు మా వీధి మారక్కను చేసుకుంటాండాడు. 16వ తేదీ ఆదివారం, గుళ్లో దండలు. మారక్క మొగుడు కొండప్ప ఇల్లిడిచి పోయి ఎనిమిదేండ్లు. ఉండాడో లేడో కబురే లేదు. ఈ సంబంధం కుదిర్చింది నా పెండ్లాం రాజేశ్వరి. అందుకని చంద్రమోహన్ నన్ను అప్పుడే బావా అంటాండాడు. బావా అన్నాక ఎగతాళి పడాల గదా.

నేను వాడే టీ పొడి హిందూపురం ఫ్యాక్టరీది. ప్రతి ప్యాకెట్‌లో ఒగ చెకింగ్ చీటీ ఉంటాది, తేదీ, నంబరు అచ్చేసి. ఒగ చీటీ వెనకాల ఎడమ చేత్తో రాసినా. నేను ఈడే పని చేస్తాండా, తొందర్లో వస్తా, కొండప్ప అని. పావుకిలో ప్యాకెట్‌లోకి దాన్ని తోసి, మూతి మళ్లా కొవ్వొత్తికి కాల్చి అంటించినా. చంద్రమోహన్ ఇంటికి పొడి అడిగితే అదే ఇచ్చినా. రేపు మొగం సున్నం కొట్టినట్ల చేసుకోని వస్తాడు. అప్పుడు చెప్తా.

4 నవంబర్, మధ్యాహ్నం

కొంప మునిగింది. ఆ మనిషి నా కాడికి రాలేదు. చీటీ తీసుకపోయి నేరుగా మారక్క చేతిలో పెట్టినాడంట. నీ మొగుడు బతికుండాడు, నేను పక్కకు జరుగుతా అన్నాడంట. నాలాంటి ఎదవ అయ్యుంటే చింపి పొయ్యిలో ఏసుండేటోడు. మంచోళ్లతో ఎగతాళికి పోగూడదు.

సాయంత్రం 6

మారక్క ఇంటికి పోయి చెప్పేసినా. అమ్మా, రాసింది నేనే, నీ కాళ్లు పట్టుకుంటా అంటిని. ఆయమ్మ నవ్వె. మూడు దినాలు నీళ్లు రావని చెప్పి వీధి వీధంతా బిందెలు మోయిస్తివి, తప్పిపోయిన మేక దొరికిందని చెప్పి మన వీధి రేఖను ముదిగుబ్బ దాకా పంపిస్తివి, ఇప్పుడు ఇదొగటా ఈరన్నా అనె. నువ్వే రాసింటే నా ముందర రాయి అని పెన్ను చేతికిచ్చె. ఎడమ చేత్తో రాసినా. కోడి గీరినట్ల వచ్చె. చీటీ మీదుండేది వేరే మాదిరి. ఇంగోసారి రాసినా, అది ఇంగో మాదిరి వచ్చె. సంతకం పెట్టేటప్పుడు ఆయన ఇట్లనే చివరి అక్షరం కిందికి జార్చేటోడు, ఆయన చెయ్యి నాకు తెలీదా అన్నా అనె. చీటీని రవికలో పెట్టుకునె.

5 నవంబర్

ఎడమ చేత్తో నాలుగు పేజీలు రాసినా. ఒగటి గూడా అట్ల రాలేదు.

7 నవంబర్

రాజేశ్వరి మాత్రం నమ్మింది. ఇరవై ఆరేండ్లు కాపరం చేసిన మనిషి, నమ్మదా. రెండు దినాలు నాకు సంగటి పెట్టలేదు. తానే పోయి మారక్కకు చెప్పింది. వదినా, నువ్వు కుదిర్చిన పెండ్లి చెడిపోతాదని ఇట్లంటాండావులే అని మారక్క అనేసిందంట.

చంద్రమోహన్ కాడికి పోయినా. మగ్గం నిలిపి అంతా విన్యాడు. బావా, నా కోసరం నువ్వు తప్పు నెత్తినేసుకుంటాండావు, నీది పెద్ద మనసు అన్యాడు. నలభై తొమ్మిదేండ్లలో నన్ను ఆ మాట అన్నోడు వీడే. సంతోషపడనీక గూడా లేకపాయ.

11 నవంబర్, మంగళవారం

మారక్క ఫ్యాక్టరీకి పోతానంటే నేను గూడా బయల్దేరినా. ఆడికి పోతేనన్నా అబద్ధం తేలిపోతాది, ఆయమ్మ కండ్లు తెరుస్తాది, ఆదివారం పెండ్లి జరుగుతాది. ఇదీ నా ప్లాను.

ఏడు గంటల పల్లెవెలుగు. మారక్క ఆధార్ చూపిచ్చె, జీరో టికెట్. నాకు మాత్రం నిలువు దోపిడి. ఆడోళ్ల పక్కన నిలబడి ముసుగేసుకో, నీకూ ఫ్రీ ఇస్తా అన్యాడు కండక్టరు. వేరే దినమైతే వాని బ్యాగు దాచిపెట్టుందును. ఈపొద్దు దుడ్లిచ్చి టికెట్ తీసుకున్నా. పెనుకొండలో దిగి ఇంగో బస్సు ఎక్కినాము. మారక్క కొత్త చీర కట్టుకోనుండాది. మల్లెపూలు గూడా. అన్నా, టీ చెట్లు ఎంత ఎత్తుంటాయి అనడిగె. ఈ ఎండల్లో టీ చెట్లు యాడియమ్మా, అస్సాం నుంచి మూటలొస్తాయి, ఈడ కలిపి ప్యాకెట్లు కడతారంతే అన్నా. అది మాత్రం నమ్మె.

ఫ్యాక్టరీ అంటే పెద్ద రేకుల షెడ్డు. లోపలికి పోతానే పొడి ముక్కులోకి పోయి ఇద్దరికీ తుమ్ములు. టోపీలు పెట్టుకోని ఆడపిల్లలు ప్యాకెట్లు డబ్బాల్లో సర్దుతాండారు. సూపర్‌వైజర్ పేరు జయచంద్ర. చీటీ తిప్పి చూసి, చీటీ మాదే, రాత సంగతి తెలీదు, మా లిస్టులో కొండప్ప ఎవ్వరూ లేరమ్మా అన్యాడు. నా ప్రాణం లేచొచ్చె. అంతటితో ఆపొచ్చు గదా. మనిషి నిజాయితీపరుడు. అయితే లోడింగోళ్లు కాంట్రాక్టు, దినానికొకరు వస్తారు, వాళ్ల పేర్లు మా కాడుండవు, వాళ్లల్లో ఉంటే ఉండొచ్చు అన్యాడు. ఆయప్ప వెనకాల నిలబడి వద్దు వద్దని చేతులూపినా. నాకు కుర్చీ కావాలనుకోని కుర్చీ తెప్పిచ్చినాడు.

రెండు గంటలకు షిఫ్టు వదిలిరి. మారక్క గేటు కాడ నిలబడి ఒగొగ మొగం చూసె. మొగోళ్లంతా పోయినాక గేటు ఏసిరి. పూలు వాడిపోయినాయి.

తిరిగొచ్చే బస్సులో మారక్క, అన్నా, ఈపొద్దు రాలేదేమోలే, వచ్చే మంగళారం వస్తాం అనె. ఆదివారం పెండ్లి ఉండాది గదమ్మా అంటిని. మొగుడుండంగ పెండ్లేంది, తిక్క ముదిరెనా నీకు అనె. కిటికీకి తలానించి నిద్రపోయె. ఎనిమిదేండ్లుగా నిద్ర పట్టలేదని రాజేశ్వరితో అంటాండె ఈ మనిషి. పెనుకొండ వచ్చినా లేపబుద్ధి కాలేదు.

16 నవంబర్, ఆదివారం

చంద్రమోహన్ తెల్లచొక్కా ఏసుకోని బంకుకొచ్చినాడు. టీ తాగి పోయినాడు.

18 నవంబర్

మళ్లా పోయినాము. వాచ్‌మన్ నల్లప్ప ఇప్పుడు మాకు బెంచీ ఏస్తాడు. ఏమబ్బా, చెల్లెలి మొగుడు దొరికెనా అంటాడు. రాసింది నేనే అని వానికీ చెప్పినా. పడి పడి నవ్వి, భలే మనిషివప్పా అన్యాడు.

25 నవంబర్

లోడింగోళ్లు గేటుకు రెండు పక్కలా వస్తారంట. ఎడమ పక్క తాను చూస్తానని, కుడి పక్క నన్ను చూడమనె మారక్క. చూసినా. గోనెపట్ట నెత్తినేసుకోని ఒగ పొడుగాయప్ప మొగం కనపడకుండా పోతాండె. బెంచీ మీద నుంచి లేచినా. కొండప్పా అని గట్టిగా ఒగ కేక ఇనపడె.

అరిచింది మారక్క కాదు. నేను.