గోడ కోసం చేయించిన ఫొటో

దానవాయిపేట, రాజమండ్రి
గురువారం

చిరంజీవి హారతికి మామ్మ దీవెనలు.

ఇది చేత్తో రాసి, కింద ఫ్లాటు సహస్ర చేత ఫొటో తీయించి నీ ఫోనుకి పంపిస్తున్నాను. నోటితో చెప్పే శక్తి నాకు లేదు. నేను మొదలుపెట్టగానే నువ్వు ఏడుస్తావు, అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది. పూర్తిగా చదివాక జవాబివ్వు.

తాతగారు మంగళవారం పొద్దున్న పాలపాకెట్టు తెస్తానని వెళ్ళి తిరిగి రాలేదన్నది నీకు తెలుసు. ఆయన విశాఖపట్నంలో ఉన్నారని, తీసుకురావడానికి తనూ మీ అన్న విష్ణూ కారులో బయలుదేరామని మీ నాన్న నీకు చెప్పి ఉంటాడు. హారతీ, ఆయన విశాఖపట్నంలో లేరు. ఈ మాట నేను తప్ప ఎవరూ అనడం లేదు. అందుకే నీకు రాస్తున్నాను.

నిన్న స్టేషన్లో ఆయన ఫొటోని కంప్యూటరుకిచ్చారు. ఊళ్ళో కెమెరాలన్నీ తీసిన మొహాలతో అది పోల్చి చూస్తుందట. కాసేపటికి బస్టాండులో విశాఖపట్నం బస్సు ఎక్కుతున్న ఒకాయన్ని తెర మీదికి తెచ్చి, పక్కన తొంభై ఒక్క శాతం అని వేసింది. "దొరికేశారండి మామ్మగారూ!" అన్నాడు కానిస్టేబుల్ తాతాజీ. పాపం, మా కంటే అతనే ఎక్కువ సంతోషించాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను.

"ఈయన మా వారు కాదండి" అన్నాను.

"అమ్మా, కళ్ళద్దాలు తుడుచుకుని చూడు" అన్నాడు మీ నాన్న.

"తుడుచుకునే చూశాన్రా. ఆయన నవ్వుతున్నాడు. నోటినిండా పళ్ళున్నాయి. మీ నాన్న పళ్ళ సెట్టు వంటింటి గట్టు మీద గిన్నెలో ఉంది."

"కెమెరాలో అలాగే కనబడుతుంది మామ్మా. తొంభై ఒకటంటే మాటలా? లెక్కల టీచరువి, నీక్కూడా చెప్పాలా?" అన్నాడు మీ అన్న.

లెక్క తప్పని నాకు తెలుసు. ఎక్కడ తప్పిందో చూపించలేను. బళ్ళో ఏ పిల్లయినా అలా అంటే నేనే కూర్చోమనేదాన్ని. యాభై రెండేళ్ళు ఆయనతో కాపురం చేశాను. ఆ తెర ముందు నా మాటకెంత శాతమో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఈ ఊళ్ళో ఆయన కోసం వెతికేవాళ్ళు లేరు. స్టేషన్లో విశాఖపట్నం వాళ్ళకు కబురు పెట్టి ఊరుకున్నారు. తప్పిపోయారని వీధి చివర అంటించిన కాగితాలు మన వాళ్ళే చింపేశారు. మీ అమ్మ ఆయన గది తుడిచి, దుప్పట్లు ఉతికి ఆరేసింది. షుగరు మాత్రలూ మతిమరుపు మాత్రలూ మంగళవారం నుంచీ డబ్బాలో అలాగే ఉన్నాయి. బయట ఈ ఎండలు. నిన్న సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి కోటిలింగాల రేవుకి వెళ్ళాను. అప్పటికి బంతి లేచిపోయింది. అక్కడి సత్రంలో అన్నం పెట్టే వీరమ్మ అనే ఆవిడకి ఫొటో చూపించాను. "ఇంత నిండైన మొహం ఆయన మా బంతిలో కూర్చోలేదండి" అంది. వచ్చేటప్పుడు గట్టు మీద నడుస్తూ నీళ్ళ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఒడ్డున ఏదో తెల్లటి బట్ట తేలుతోంది. మెట్లు దిగి దగ్గరికి వెళ్ళి చూస్తే అది పంచె కాదు, ఎవరో వదిలేసిన సంచీ.

కెమెరాలకు మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పడమే కదా హైదరాబాదులో నీ ఉద్యోగం. నాకొక్కటి చెప్పు. అది తప్పు చెబుతుందా, చెప్పదా? చెబుతుందంటే మీ నాన్నకి ఫోను చేసి వెనక్కి రమ్మను. నా మాట వినడు, నీ మాట వింటాడు. చెప్పదంటే అదీ చెప్పు. అప్పుడు నాకు మతి పోతోందని నేనే ఒప్పుకుంటాను.

మీ మామ్మ
వరహాలక్ష్మి


శనివారం

తల్లీ హారతీ,

అంత ఉత్తరం రాస్తే నువ్వు పంపింది ఒక్క ముక్క. "మామ్మా, ఏ ఫొటో ఇచ్చారు? అది నాకు పంపు." చదివి కోపం వచ్చింది. ఏ ఫొటో ఏంటి? ఇంట్లో ఉన్నవాటిలోకల్లా మంచిదే ఇచ్చాం. ఫ్రేములో ఉన్నది.

సహస్ర దాన్ని మళ్ళీ ఫొటో తీస్తుంటే పక్కన నిలబడి చూశాను.

దాని సంగతి నీకు తెలియదు. మా అత్తగారు పోయినప్పుడు ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేక, పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి తల కత్తిరించి పెద్దది చేయించారు. ఇప్పటికీ ఆవిడ చెవి పక్కన ఎవరిదో భుజం ఉంటుంది. అలాంటి అవకతవక పనులు నాకు గిట్టవు. అందుకని మొన్న కార్తీకంలోనే మా ఇద్దరికీ గోడ ఫొటోలు చేయించి బీరువాలో పెట్టాను. "దండలు కూడా ఇప్పుడే కొనేద్దామా అత్తయ్యగారూ?" అని మీ అమ్మ ఎగతాళి చేసింది. స్టూడియో అతను కంప్యూటరులో ఏదో నొక్కి, "ఏఐ పెట్టానండి, చూడండి తాతగారు ఎలా ఉన్నారో" అన్నాడు. లోపలికి పోయిన బుగ్గలు నిండాయి. వాలిపోయిన ఎడమ కంటి రెప్ప లేచింది. నోట్లో పళ్ళు వచ్చాయి. బాగుందన్నాను. ఫ్రేము కట్టించి ఇంటికి తెస్తే తాతగారు చాలాసేపు చూసి, "ఎవరీయన? మన బంధువులా?" అని అడిగారు. మతిమరుపు ముదిరిందనుకుని, ఆ రాత్రంతా నేను నిద్రపోలేదు.

బుధవారం స్టేషన్లో కంప్యూటరు వెతికింది ఆ బంధువుని. నేను రేవులో వీరమ్మకి చూపించిందీ ఆ బంధువునే.

ఇంట్లో ఎవరూ ఇష్టపడని ఫొటో ఒకటుంది, ఆధార్ కార్డు మీది. బుగ్గలు పీక్కుపోయి, ఒక కన్ను సగం మూసి, దొంగని పట్టుకుని తీసినట్టుంటారు. నిన్న అది పట్టుకుని ఆటోలో స్టేషనుకి వెళ్ళాను. తాతాజీ టీ గ్లాసు పక్కన పెట్టి, పాపం మళ్ళీ కూర్చున్నాడు. టీ చల్లారకముందే తెర మీద కోటిలింగాల రేవు వచ్చింది. సత్రం ముందు బంతిలో తాతగారు. ఆ కెమెరా కిందే రోజూ కూర్చున్నారు తల్లీ. అది ఆయన్ని రోజూ చూసింది. దాన్ని మేం అడిగింది ఆయన గురించి కాదు.

ఇంతలో విశాఖపట్నం నుంచి మీ నాన్న ఫోను. ఆ పళ్ళున్నాయన దొరికాడట. మొగల్తూరు ఆయన, పేరు గున్నేశ్వరరావు, కూతురింటికి వెళ్ళాడట. "నాకు ఇద్దరూ ఆడపిల్లలేనయ్యా, నువ్వెక్కణ్ణించొచ్చావు?" అని మీ నాన్నని నిలదీశాడట. "వచ్చేస్తున్నానమ్మా" అన్నాడు, అంతే.

నేరుగా రేవుకి వెళ్తే, వీరమ్మ ఆధార్ ఫొటో చూసి నెత్తి కొట్టుకుంది. "ఈ మేస్టారి కోసమాండి! ఆ ఫొటోలో ఆయన వేరేనండి. ఈయనకి పళ్ళు లేవని నేనే అన్నం మెత్తగా పిసికి పెడుతున్నాను. పేరడిగితే చెప్పరు. లైన్లో కూర్చోండి, మాట్లాడకండి అని మా అందరికీ క్లాసు పీకుతారు."

ఆయన చాప మీద కూర్చుని ఉన్నారు. పంచె మాసిపోయింది, పెదవులు ఎండిపోయాయి. పాలపాకెట్టు చేతిలోనే ఉంది, పాలు విరిగిపోయి, ఉబ్బిపోయి. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన నన్ను చూశారు. ఎక్కడో పరిచయం ఉందేమోనన్నట్టు చూశారు, అంతకంటే ఏమీ లేదు.

"అమ్మా, మీ దగ్గర ఫోనుందా?" అన్నారు. "మా ఇంటికొకసారి చెప్పండి, పాలు తేవడం కాస్త ఆలస్యమైందని. మా ఆవిడ స్ట్రిక్టు. పైకి చెప్పదు గానీ కంగారు పడుతూ ఉంటుంది."

"చెబుతానండి" అన్నాను. "ఆవిడ ఏమీ అనదు లెండి, పదండి."

"మీకు తెలీదు ఆవిడ సంగతి" అన్నారు.

ఇంటికి తీసుకొచ్చాకా అంతే. డాక్టరు నీరసం తగ్గితే గుర్తుపడతారేమో చూద్దామన్నారు. ఈ పొద్దుటికి తగ్గింది. నన్ను ఇంకా 'మీరెవరమ్మా' అనే అడుగుతున్నారు.

ఫ్రేములు రెండూ విప్పించేశాను. నా దాంట్లోనూ ఆ స్టూడియో అబ్బాయి పదిహేనేళ్ళు తీసేశాడు. నా ఆధార్ ఫొటో దీనితో పంపిస్తున్నాను, నీ ఫోనులో జాగ్రత్త చేసుకో. రేపు నేను తప్పిపోతే అదే ఇవ్వు. పోయినా గోడకి అదే పెట్టు. బాగా లేదని ఎవరైనా అంటే మామ్మ చెప్పిందను.

తాతగారు లేచారు. ఎవరో పెద్దావిడ బల్ల దగ్గర కూర్చుని రాస్తోందని, ఆవిడకి కాఫీ ఇచ్చారా అని మీ అమ్మని అడుగుతున్నారు. వెళ్ళాలి.

ఆయన భార్య, మీ మామ్మ,
వరహాలక్ష్మి