పలకని రెండు పేర్లు

ఏవండీ,

మీ సంవత్సరీకానికి బట్టలు కొనడానికి ఇవాళ మన రాణితో పండరీ బట్టల బజారుకి వెళ్ళాను. రోడ్డు పక్కన ఒకామె పచ్చబొట్లు పొడుస్తుంటే, చేతిమీద నాన్న పేరు పొడిపించుకుంటానని అది వెళ్ళి కూర్చుంది.

"నామ్ క్యా లిఖూఁ, దీదీ?" అని, ఏ పేరు రాయాలో ఆమె నన్నడిగింది. మొగుడి పేరు నేనెలా చెప్తాను? రాణే చెప్పింది.

అప్పుడు చూశాను. ముందు అమ్మాయి నెత్తురు అంటిన సూదినే ఆమె కొంగుకు తుడిచి, రాణి మణికట్టు దగ్గరికి తెస్తోంది. చటుక్కున దాని చెయ్యి లాగేశాను.

"ఒకరి నెత్తురు ఇంకొకరికి ఎక్కితే ఎయిడ్స్ వస్తుంది. కొత్త సూది తియ్యి" అని హిందీలో అరిచాను. మీరు పోయినప్పటినుంచీ నోట రానివ్వని మాట అది. చుట్టూ ఉన్నవాళ్ళు మా నుంచి దూరం జరిగారు.

"ముట్టుకుంటే రాదు" అన్నాను, ఒళ్ళుమండి.

రిక్షాలో రాణి మెల్లగా అడిగింది. "నాన్నకి టీబీ కాదా అమ్మా?"

"టీబీ కూడా. అసలు జబ్బు ఇందాక నేనన్నదే."

ఇంటికొచ్చాక మీ పెన్నుతో దాని చేతిమీద మీ పేరు రాశాను, తెలుగులో. హిందీ బడి పిల్ల కదా, చాలాసేపు చూసింది.

"నాకు తెలుగు రాదుగా. నువ్వే చదువు" అంది.

పైకే చదివాను.